తాడుకు రెండో కొస

ఆ రోజు పొద్దున ఆపా నేల మీద కూర్చుని, ఇంటి ముందరి దాలాన్ స్తంభాల చుట్టూ తిప్పి కట్టిన తాళ్లలోంచి ఒకదాని ముడి విప్పింది. ముడి పాతది, బిగిసిపోయింది. గోళ్లతో కాలేదు. పక్కనున్న అడకత్తెర మొన దూర్చి లాగవలసి వచ్చింది. విప్పిన తాడును మోచేతికి చుట్టగా చుట్టి, ఎదురుగా నిలబడ్డ సాయవ్వ చేతిలో పెట్టింది.

బీడీలు చుడుతున్న ఆడవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి. ఆ ఇంట్లోకి వచ్చిన తాడు మళ్లీ బయటికి పోవడం వాళ్లెన్నడూ చూడలేదు.

అప్పుడే అటు మూల నుంచి ఖాజా వస్తున్నాడు. కళ్లు లేని పిల్లవాడు. తాళ్ల మీద చెయ్యి ఆనించి దాలాన్ అంతా తిరగడం వాడికి అలవాటు. విప్పిన చోటికి వచ్చేసరికి వాడి చెయ్యి గాలిలో ఆగింది. కాసేపు అటూ ఇటూ తడిమి, “ఆపా, ఈడ తాడు తెగింది” అన్నాడు.

“తెగలే బేటా. పనిమీద పోయింది” అంది ఆపా.

అక్కడున్న వాళ్లలో ఒకామె మొహం పక్కకు తిప్పుకొని కళ్లు తుడుచుకుంది. ఆపా మాత్రం ఏడవలేదు. సాయవ్వ వైపు చూసి ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు ఆ తాళ్ల సంగతి చెప్పాలి.

ఆపా అంటే ఉర్దూలో అక్క. బోధన్‌లో బజారు వెనక సందులో ఆమె ఇల్లు. చిన్నా పెద్దా, హిందువూ ముస్లిమూ అందరికీ ఆమె ఆపాయే. అసలు పేరు నాకు తెలుసు కానీ, బతికి ఉండగా ఆ పేరుతో ఎవరు పిలిచినా ఆమె పలికేది కాదు. అందుకని ఇక్కడా రాయడం లేదు. నల్ల బురఖా, ముసుగు ఎప్పుడూ వెనక్కి వేసే ఉండేది. కళ్లజోడుకు ఒక పుల్ల విరిగితే దారం కట్టుకొని ఆ దారాన్నే చెవికి తగిలించుకునేది. ఒళ్లో పాన్‌దాన్. మాట్లాడుతూ పోకచెక్క కత్తిరించేది. ఎదుటివాడు అబద్ధం చెప్తున్నాడనిపిస్తే అడకత్తెర ఆగేది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆమె చేతుల వైపు చూస్తూ మాట్లాడేవాళ్లు.

ఆమె ఇంటి ముందు పొడుగాటి దాలాన్ ఉంది. కర్ర స్తంభాలు, పెంకుల కప్పు. పొద్దున పూట నలుదిక్కుల నుంచి తల్లులు బీడీల చాటలు పట్టుకొని అక్కడికి వచ్చేవాళ్లు. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. చంకలోనో, వీపు మీదనో, చెయ్యి పట్టుకొనో ఒక బిడ్డ. నడవలేని బిడ్డ, చూపులేని బిడ్డ, మాటరాని బిడ్డ, వయసు పెరిగినా బుద్ధి పెరగని బిడ్డ. తల్లులు గోడవారన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. రోజుకొకరు మాత్రం చాట పక్కనపెట్టి పిల్లలను చూసుకోవాలి, అన్నాలు తినిపించాలి, వీధి తలుపు కాడ కూర్చోవాలి. వంతు అనేవాళ్లు దాన్ని. ఆ ఇంటికి బోర్డు లేదు. ఊళ్లో వాళ్లు దాన్ని తాళ్ల ఇల్లు అనేవాళ్లు.

తాళ్ల ఇల్లు అనడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో బిడ్డను చేర్చుకోవాలంటే ఆపా అడిగేది ఒకటే. “బిడ్డను దేనితోటి కట్టేసినవో గా తాడు తెచ్చియ్యి.”

అవును, కట్టేసేవాళ్లు. అరవైలలో ఆ చెరకు సీమలో ఇది ఇంటింటి రహస్యం. బోధన్ అంచున కాలువ నిండా పారుతుంది. చెరకు ఆడించే క్రషింగ్ మొదలైతే బండ్లు రాత్రీ పగలూ చక్కెర ఫ్యాక్టరీకి వరస కడతాయి. లారీలు వాటి పక్కనుంచి దూసుకుపోతాయి. ఇంట్లో మగవాడు బండి తోలుకుపోతే, ఆడది బీడీల ఆకు నానబెట్టుకొని కూర్చుంటే, పిలిస్తే పలకని బిడ్డ గడప దాటి ఎటు పోతుందో ఎవరికి తెలుసు? అందుకని గుంజకు కట్టేసేవాళ్లు. కాలికి గుడ్డపేలిక చుట్టి, దాని మీద తాడు వేసి, ఒరుసుకోకుండా చూసుకొని మరీ కట్టేవాళ్లు. ఎవరైనా ఇంటికి వస్తే గబగబా విప్పేసేవాళ్లు.

అయినా ఆపా కనిపెట్టేది. ఏ ఇంటికి పోయినా ఆమె మొదట చూసేది గుంజల వైపు. తాడు ఒరిసి ఒరిసి గుంజ అడుగున ఒక గీత పడుతుంది. నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది. ఆ గీత కనబడితే ఆమె అక్కడే చతికిలబడేది.

నేను ఆమెను మొదట కలిసిన రోజే అలాంటి ఒక ఇల్లు చూశాను. నిజామాబాద్ నుంచి పత్రిక పనిమీద బోధన్ పోతుండేవాణ్ని. చెరకు ధర గొడవో, బండ్ల వాళ్ల సమ్మెనో ఉంటే రోజంతా అక్కడే గడిచేది. తాళ్ల ఇంటి గురించి టీ హోటల్లో విని, రాద్దామని పోయాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, “రాయి గని, తల్లులు కట్టేసిండ్రని రాయకు. కాలువ కట్టేయించిందని రాయి” అంది. తర్వాత, “కొత్త ఇంటికి పోతున్న. వస్తవా?” అని చెప్పులేసుకుంది.

ఆ కొత్త ఇల్లు సాయవ్వది. కాలువ గట్టుకు దగ్గర్లో, మట్టిగోడల ఇల్లు. సాయవ్వ భర్త ఎడపల్లి వైపు నుంచి చెరకు బండి తోలేవాడు. సాయవ్వ మమ్మల్ని చూడగానే లోపలికి ఉరికింది. కానీ ముడి త్వరగా ఊడలేదు. ఆరేడేళ్ల ఆడపిల్ల గుంజకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకొని కూర్చుని ఉంది. పేరు గంగామణి. మమ్మల్ని చూడలేదు. తన చేతివేళ్లను వెలుతురుకు అడ్డం పెట్టి ఆడిస్తూ వాటినే చూసుకుంటోంది.

సాయవ్వ ఇంకా ముడి పీకుతోంది. ఆపా ఆమె పక్కన కూర్చుని కళ్లజోడు సర్దుకొని ఆ ముడిని దగ్గరగా చూసింది.

“అబ్బ, మంచి ముడి ఏసినవ్ గదనే! ఎంత గుంజినా బిగుసుకపోదు, ఊడిపోదు. కాలుకు నొప్పి గాదు. ఎవరు నేర్పిండ్రు నీకు?”

సాయవ్వ చేతులు ఆగాయి. తిట్టడానికి వచ్చిన మనిషి అనుకుంది. “మా బాపు” అంది మెల్లగా. “దూడలకు ఏస్తుండె.”

“నాకు నేర్పు.”

ఆ ఇద్దరూ ఆ పిల్ల కాలి దగ్గర కూర్చుని ముడి వేయడం, విప్పడం మొదలుపెట్టారు. ఆపా రెండుసార్లు తప్పు వేసింది. మూడోసారి సాయవ్వకు నవ్వొచ్చింది. “గట్ల గాదు ఆపా, కొస కిందికెల్లి తియ్యాలె” అంటూ చెయ్యి పట్టుకొని చూపించింది. ఆ నవ్వు నడుమనే ఏడుపు వచ్చేసింది.

ఆపా ఆమెను ఓదార్చలేదు. పిల్ల వైపు తిరిగి, “గంగామణీ, రేపు మా ఇంటికి వస్తవా?” అని అడిగి, ఆగింది.

ఈ ఆగడం గురించి చెప్పకపోతే ఆపా గురించి ఏమీ చెప్పనట్టే. మాటరాని పిల్లలను ఆమె ప్రశ్న అడిగితే, జవాబు చెప్పడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగేది. మొహం పిల్ల వైపే ఉంచి, చెవి కొద్దిగా వంచి ఆగేది. తర్వాత “అచ్ఛా” అని తల ఊపి తన పని చూసుకునేది. జవాబు వచ్చిందో లేదో ఆమెకే తెలియాలి. పక్కనున్న వాళ్లకు మాత్రం ఆ నిశ్శబ్దం భరించరానంత పొడుగ్గా ఉండేది. ఆరోజు గంగామణి ఒక్క క్షణం వేళ్లు ఆడించడం ఆపింది. “అచ్ఛా” అంది ఆపా. సాయవ్వతో, “వస్తనంటుంది. తాడు తెచ్చుడు మర్సిపోకు” అని లేచింది.

అలా వచ్చిన తాళ్లన్నీ ఆమె ఒకదానికొకటి ముడివేసి దాలాన్ స్తంభాల చుట్టూ పిల్లల చేతికందే ఎత్తులో కట్టింది. జనపతాడు ఒకటి, కొబ్బరిపీచుది ఒకటి, పాత చీర పేనినది ఒకటి, ఎద్దుకు కట్టే పగ్గం ఒకటి. కాళ్లు తడబడే పిల్లలు వాటిని పట్టుకొని నడక నేర్చారు. ఖాజా అయితే చేత్తో తడిమి, ఏది ఎవరి తాడో చెప్పేవాడు. “ఇది నాది, గరుకుగుంటది. ఇది గంగామణిది, మెత్తగుంటది, వాళ్లవ్వ సాయవ్వ నూనె రాసింది.” గంగామణి మాత్రం తాడు పట్టుకునేది కాదు. దాలాన్‌లో ఆమెకు ఒకే చోటు. బీడీలు చుట్టే తల్లి వెనక, తల్లి వీపుకు తన వీపు ఆనించి కూర్చునేది. సాయవ్వ ఆకు కత్తిరిస్తున్నంతసేపూ ఆ కత్తెర చప్పుడుకు కొద్దికొద్దిగా ఊగేది.

ఊళ్లోంచి చూడడానికి వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. వచ్చినవాళ్లు గడపలో నిలబడి పిల్లలను చూసి నాలుకతో ‘చ్చొచ్చొ’ అనేవాళ్లు. ఆపా వెంటనే తలెత్తి దూలాల వైపు చూసేది. “బల్లి కూసింది. ఏ మూలకెల్లి కూసిందే?” అని తల్లులను అడిగేది. తల్లులు కూడా మొహాలు గంభీరంగా పెట్టి పైకప్పు వెతికేవాళ్లు. జాలి పడడానికి వచ్చిన మనిషి తనూ పైకి చూసి, ఏ బల్లీ కనబడక, కాసేపటికి అర్థమై చెప్పులేసుకునేవాడు. ఒకాయన అలా పోతూ పోతూ మళ్లీ వెనక్కి వచ్చి, “సరే ఆపా, ఇప్పుడు ఏం జెయ్యాల్నో చెప్పు” అన్నాడట. ఆయన టీ హోటల్ యజమాని. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆ ఇంటికి ఒక కెటిల్ వచ్చేది.

ఇక ఆ పొద్దున సంగతి. దాని ముందురోజు జరిగింది ఇది.

చెరకు బండ్ల కాలం. మధ్యాహ్నం దాటాక సందు మొగన ఒక బండి ఇరుసు విరిగి ఒరిగింది. చెరకంతా రోడ్డు మీద పడింది. బండివాడు మొత్తుకుంటుంటే ఊరంతా ఉరికింది. ఎత్తిపెట్టడానికి కొందరు, ఒక గడ లాక్కొని పోవడానికి కొందరు. దాలాన్‌లో తల్లులు కూడా తలుపు దాకా వచ్చి చూశారు. ఆ గోలలో వంతు ఉన్నామె తలుపు గొళ్లెం మరిచింది. సాయవ్వ తిరిగి వచ్చి కూర్చుని, కాసేపటికి వీపు చల్లగా ఉండడం గమనించి వెనక్కి చూస్తే గంగామణి లేదు.

సందు చివర నుంచే చెరకు తోటలు మొదలవుతాయి. తోటల అవతల కాలువ. కోతకు వచ్చిన చెరకు మనిషికి రెండింతల ఎత్తు ఉంటుంది. లోపలికి పోయినవాడికి నాలుగు బారల అవతల ఏముందో కనబడదు. పిల్ల తోటలోకి పోతుంటే చూశానని ఒక ముసలాయన చెప్పాడు.

అంతే, మగవాళ్లంతా కదిలారు. మంచి మనసుతోనే కదిలారు. కానీ చెరకు తోటలోకి గుంపుగా పోవడం వాళ్లకు ఒకే రకంగా వచ్చు. పందులు పడితే పోయినట్టు. వరసగా నిలబడి, రేకు డబ్బాలు కొడుతూ, కేకలు వేస్తూ, ఒక వైపు నుంచి మరో వైపుకు తోసుకుంటూ పోతారు. ఆరోజూ అదే చేశారు. డబ్బాల మోత, ‘గంగామణీ’ అని వంద గొంతుల అరుపు. ఎన్నడూ ఆ పేరుకు పలకని పిల్లను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. చప్పుడు పెద్దదైతే రెండు చేతులతో చెవులు మూసుకొని ఎటు వీలైతే అటు పరుగెత్తే పిల్ల. వాళ్లు తోసుకుపోతున్న వైపే కాలువ.

ఆపా బురఖా కొంగు నడుముకు చుట్టుకొని తోట గట్టు మీదికి వచ్చింది. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను, వెనకే పోయాను. ఆమె ఒక డబ్బావాడి చేతిలోంచి డబ్బా లాక్కుంది.

“పందిని ఎల్లగొడుతున్నరా, పిల్లను పిలుస్తున్నరా? బంద్ జెయ్యుండ్రి!”

“గట్లయితే ఎట్ల దొరుకుతది ఆపా? పొద్దుగూకుతుంది” అన్నాడు అతను.

“సప్పుడు ఆపి కూకోండ్రి. అందరు. ఏడున్నోళ్లు ఆడనే.”

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పోయి, డబ్బాలు ఒక్కొక్కటే ఆగాయి. మగవాళ్లు నమ్మకం లేకుండానే కూర్చున్నారు. ఒకడు గొణిగాడు, “ముసల్దానికి మతి పోయింది. పిల్ల నీళ్లల్ల పడ్డంక కూసుంటే ఏంది, నిల్సుంటే ఏంది?” సాయవ్వ ఆ మాట విన్నది. అరిచి ముందుకు పోబోతే ఆపా ఆమె రెట్ట పట్టుకుంది.

“నీ చాట ఏడుంది?”

“చాట ఎందుకు ఆపా ఇప్పుడు? నా బిడ్డ...”

“చాట తెప్పియ్యి. గీడ కూసో. ఇంట్ల కూసున్నట్టు కూసో. ఆకు కత్తిరియ్యి.”

సాయవ్వకు ఆమె మీద కోపం కూడా వచ్చి ఉండాలి. కానీ చెప్పిన చోటనే కూర్చుంది. ఎవరో చాట తెచ్చారు. గట్టు మీద, తోటకు వీపు పెట్టి, సాయవ్వ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆకులు అడ్డదిడ్డంగా తెగుతున్నాయి. ఆపా తను కూడా పక్కన కూర్చుని పోకచెక్క తీసింది. మిగతా తల్లులు వరసగా వచ్చి కూర్చున్నారు, దాలాన్‌లో ఎవరి చోటు ఏదో అదే వరసలో. తోటలో గాలికి చెరకు ఆకులు ఒరుసుకుంటున్నాయి. కత్తెరల చప్పుడు. దూరంగా ఫ్యాక్టరీ ఇంజన్ల గుర్రు. అంతకుమించి ఏమీ లేదు.

ఎంతసేపో చెప్పలేను. అప్పుడు సాయవ్వ వెనక చెరకు కదిలింది. ఎవరూ లేవలేదు. లేవొద్దని ఆపా చెయ్యి చూపింది. గంగామణి బయటికి వచ్చింది. చెరకు ఆకులు కోసి చెంపల మీద, చేతుల మీద ఎర్రటి గీతలు. మోకాళ్ల దాకా తడి బురద. కాలువ అంచు దాకా పోయి వచ్చిందన్నమాట. ఎవరినీ చూడకుండా నడిచి వచ్చి, తల్లి వీపుకు వీపు ఆనించి కూర్చుంది.

సాయవ్వ కత్తెర ఆపలేదు. ఆపితే పిల్ల లేచిపోతుందేమోనని భయం. ఏడుస్తూనే ఆకు కత్తిరిస్తూ పోయింది. పొద్దు తోట వెనక్కి దిగేదాకా ఆ గట్టు మీద అలాగే కూర్చున్నారు.

తర్వాత ఆ సంగతి అడిగితే ఆపా చిరాకు పడేది. “నాకేం ఎర్క? వాళ్లు ఒర్రుతుంటే నాకే పారిపోవాలనిపిచ్చింది. గందుకే ఆపమన్న. చాట సంగతి అటెనుక యాదికొచ్చింది. పిల్ల రాకపోతే సాయవ్వ నన్ను సంపుతుండె. సంపినా తప్పు లేకుండె.”

మర్నాడు పొద్దున్నే సాయవ్వ వచ్చింది. గంగామణిని చంకన ఎత్తుకొని వచ్చింది, ఆ వయసు పిల్లను.

“ఆపా, నా తాడు నాకియ్యి.”

తల్లులందరూ ఒక్కసారి మాట్లాడారు. “ఇయ్యకు ఆపా.” “మళ్ల గుంజకు కట్టేస్తది.” “నిన్న ఒక్కసారి అట్ల అయిందని...” ముందురోజు వంతు ఉన్నామె మాత్రం నేల చూస్తూ కూర్చుంది.

సాయవ్వ వాళ్లవైపు తిరిగింది. “మీ పిల్లలు ఒంటిగ దూరం నడవరు. నా పిల్ల నడుస్తది. నడిచేటోళ్ల అవ్వకు తెలుస్తది ఆ గోస. నిన్న వీపు సల్లబడ్డప్పుడు నా పానం ఎట్లయిందో మీకెవ్వలకన్న ఎర్కేనా?”

ఆపా నేల మీద కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. తాడును సాయవ్వ చేతిలో పెట్టాక ఆమె అడిగిన ప్రశ్న ఇది.

“ఒక కొస పిల్లకు కడ్తవ్. సరే. రెండో కొస దేనికి కడ్తవ్?”

“గుంజకే. ఇంక దేనికి కడ్త?”

“గుంజకు కండ్లున్నయా? పిల్లకు దూప అయితే గుంజ నీళ్లిస్తదా? తాడు నీదే, తీస్కపో. కని రెండో కొస మనిషికి కట్టు. నీ నడుముకు కట్టుకో.”

“నేను నీళ్లకు పోవద్దా? బీడీలు కార్ఖానాకు ఏసి రావద్దా?”

“అప్పుడు ఇంకొకల చేతికియ్యి. నీ చెయ్యిల నుంచి ఇంకో చేతిలకు పోవాలె. నడుమ గుంజ రావద్దు. గంతే నేనడిగేది.” తర్వాత పిల్ల వైపు తిరిగి, “ఏమంటవ్ గంగామణీ?” అని ఆగింది. అందరూ ఆగారు. సాయవ్వ కూడా ఆగింది. “అచ్ఛా” అంది ఆపా.

ఖాళీ అయిన చోట ఆమె తన పాత దుపట్టా పేని కట్టింది. ఖాజా దాన్ని తడిమి, “ఇది ఎవరిది? జర్దా వాసనొస్తుంది” అన్నాడు. ఆ ఉదయం ఆ దాలాన్‌లో మొదటిసారి నవ్వు వినపడింది అప్పుడే.

ఆ తర్వాత బోధన్ వీధుల్లో ఒక తల్లీ ఒక కూతురూ ఒకే తాడుకు రెండు కొసలై తిరగడం జనం చూశారు. మొదట్లో ఎకసెక్కాలు పడ్డాయి. “ఏం సాయవ్వ, జోడెడ్లు ఏ పొలానికి పోతున్నయ్?” అని బజార్లో ఒకడు. “నీ పొలానికే పోతున్నయ్. నాగలి పట్టుకొని ఎనుక రా” అంది సాయవ్వ. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. అతను కూడా నవ్వాడు. కొన్నాళ్లకు ఆమె నీళ్ల కోసం నల్లా దగ్గర బిందె పెట్టినప్పుడు తాడు కొస పట్టుకున్నది అతనే.

అలా మొదలైంది. టీ హోటల్ యజమాని గల్లాపెట్టె ముందు కూర్చుని ఎడమచేతికి తాడు చుట్టుకునేవాడు. బండ్ల వరసలో ఆగిన బండివాడు కాసేపు పట్టుకునేవాడు. మార్కెట్లో మరాఠీ మాట్లాడే ఉల్లిగడ్డల ఆమె, “దే, మీ ధర్తే” అని చెయ్యి చాచేది. ఇటివ్వు, నేను పట్టుకుంటాను అని. పట్టుకున్నవాళ్లు పిల్లతో మాట్లాడక తప్పదు. పిల్ల ఎటు చూస్తోందో చూడక తప్పదు. గంగామణికి నీళ్ల చప్పుడంటే ఇష్టమని, ఫ్యాక్టరీ సైరన్ అంటే భయమని, నిమ్మతొనలంటే ప్రాణమని ఆ బజారు అలాగే తెలుసుకుంది. సైరన్ మోగే వేళకు ఆమె చెవులు మూసే చెయ్యి ఎవరిదో ఒకరిది సిద్ధంగా ఉండేది. ఆపా ఇదంతా చూస్తూ పాన్ మడిచి నోట్లో పెట్టుకునేది.

ఒకసారి నిజామాబాద్ నుంచి సంక్షేమం చూసే అధికారి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, నిజంగా మేలు చేయాలనే వచ్చాడు. హైదరాబాదులో ఇలాంటి పిల్లలకు ఒక హోమ్ ఉందని, కొందరిని అక్కడ చేర్పించవచ్చని చెప్పాడు. ఆ సమయానికి గంగామణి తాడు ఆపా చేతికే చుట్టి ఉంది.

ఆపా గంగామణి వైపు తిరిగి, “సాబ్ చెప్పింది విన్నవా? నువ్వేమంటవ్?” అని ఆగింది. అధికారి కూడా ఆగవలసి వచ్చింది. ఆయన వెంట వచ్చిన గుమాస్తా దగ్గాడు. అధికారి గడియారం చూసుకోబోయి ఆగిపోయాడు. గంగామణి ఆయన చొక్కా గుండీ వైపు చూస్తోంది. “అచ్ఛా” అంది చివరికి ఆపా. “సాబ్, ఆడ రెండో కొస ఎవరి చేతిల ఉంటది?”

ఆయనకు తాడు సంగతి అప్పటికే చెప్పారు. నవ్వి, “అక్కడ తాడు ఉండదమ్మా. గేటు ఉంటుంది” అన్నాడు.

“గేటు కాడ మనిషి?”

“వాచ్‌మన్ ఉంటాడు.”

“వానికి ఈ పిల్లకు సైరనంటే భయమని ఎవలు చెప్తరు?”

అధికారి టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, “చెప్పాలి. చెప్పే ఏర్పాటు చేయాలి” అన్నాడు. ఆ మాటకు ఆపాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆ తర్వాత చాలాకాలం, “సాబ్ అబద్ధం చెప్పలే” అని తలుచుకునేది. ఆమె హోములకు శత్రువు కాదు. ఖాజాను చూపులేని పిల్లల బడిలో ఆ సాబ్ చేర్పిస్తానంటే, వాడి తల్లిని ముందు పంపి, మంచాలు చూసి రమ్మని, వంటమనిషి పేరు అడిగి రమ్మని, తర్వాతే ఒప్పుకుంది. వాడు పోయే రోజు వాడి తాడులోంచి జానెడు ముక్క కోసి జేబులో పెట్టింది. “దారి తప్పితే ఇది తడుముకో. దారి దొరకదు గని, ఇల్లు యాదికొస్తది” అంది. గంగామణి విషయంలో ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. సాయవ్వ ఇష్టం అంది. సాయవ్వ పంపలేదు.

మొన్నటి వానాకాలంలో ఆపా పోయింది. పోచంపాడు కాలువ వార్త కోసం బాల్కొండ వైపు ఉన్నాను. కబురు తెలిసి బోధన్ చేరేసరికి ఆమె శవాన్ని మోసుకొస్తున్న జనాజా సందు దాటి బజార్లోకి వచ్చింది. అక్కడి అలవాటు ప్రకారం దారిలో ఎదురైనవాళ్లు నాలుగడుగులు భుజం పట్టి పక్కవాడికి ఇస్తున్నారు. టీ హోటల్ యజమాని పట్టాడు. జోడెడ్లని ఎకసెక్కమాడిన మనిషి పట్టాడు, నుదుట బొట్టుతోనే. బండ్లవాళ్లు బండ్లు ఆపి దిగి వచ్చారు. సాయవ్వ గోడవారన నిలబడి చూస్తోంది. పక్కన గంగామణి, తల్లిని మించి ఎత్తు పెరిగింది, ఇద్దరి నడుమ తాడు. గంగామణి జనాజా వైపు చూడలేదు. భుజాలు మారుతున్న చేతుల వైపు చూస్తోంది.

దాలాన్ ఇంకా నడుస్తోంది. ఆపా అన్నగారి కొడుకుల చేతికి ఇల్లు వచ్చింది. ఉన్నంతకాలం ఉండండి అన్నారట. వంతులు సాగుతున్నాయి. తాళ్లు స్తంభాలకు అలాగే ఉన్నాయి, నడుమ పేనిన దుపట్టాతో సహా. తలుపు గొళ్లేనికి పైన ఇంకో గొళ్లెం బిగించారు.

ఈమధ్య పోయినప్పుడు సాయవ్వ ఆకును కళ్లకు దగ్గరగా పెట్టుకొని కత్తిరిస్తోంది. చూపు తగ్గింది. గంగామణి వీపు ఆమె వీపుకు ఆని ఉంది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరే ముందు ఇప్పుడు తాడు తెచ్చేది గంగామణేనట. తల్లి నడుముకు ముడి వేసేది కూడా ఆమే. ఆ ముడి సాయవ్వ బాపు దూడలకు వేసినదే, కొస కింది నుంచి తీసేది. ఎవరు నేర్పారో తెలియదు. చూసి నేర్చుకుందేమో అంది సాయవ్వ.

“ఆపా పోయే ముందట నన్నడిగింది” అంది కత్తెర ఆపకుండా. “నువ్వు పోయినంక రెండో కొస ఎవల చేతిల ఉంటది అని.”

“ఏం చెప్పావు?”

“నన్నడిగి ఆగింది. పిల్లలను అడిగినట్టే. నేనేం చెప్పలే. చానాసేపు ఆగింది.”

“అచ్ఛా అన్నదా?”

“లేదు” అంది సాయవ్వ. “నాకు మాత్రం అనలే.”

ఆ బజార్లో తాడు కాసేపు పట్టుకోనివాళ్లు తక్కువ. కడదాకా పట్టుకుంటానని ఇప్పటివరకు ఎవరూ అనలేదు. సాయవ్వా ఎవరినీ అడగలేదు.